బోధించని ఆంగ్లానికి పరీక్ష పెట్టి డిగ్రీ ఆపకండి: చైనా విశ్వవిద్యాలయాల డిగ్రీ మండళ్లకు బహిరంగ లేఖ

చైనా విశ్వవిద్యాలయాల డిగ్రీ మూల్యాంకన మండళ్ల గౌరవ సభ్యులకు,

నమస్కారం.

ఉద్యోగాలు చేసుకుంటూ డిగ్రీ చదివే వయోజనులకు మీ దేశంలో దశాబ్దాలుగా పెడుతూ వచ్చిన ఆంగ్ల ప్రావీణ్య పరీక్ష గురించి ఈ లేఖ రాస్తున్నాను. 2024 ఏప్రిల్‌లో ఆమోదం పొందిన మీ కొత్త డిగ్రీల చట్టం 2025 జనవరి 1 నుంచి అమలులో ఉంది. ఏ శాఖలో డిగ్రీ ఇవ్వడానికి ఏ నిర్దిష్ట ప్రమాణం పాటించాలో చట్టంలోని సాధారణ షరతులకు లోబడి ప్రతి విశ్వవిద్యాలయమూ తానే నిర్ణయించి, దానిని బహిరంగంగా ప్రకటించాలని ఆ చట్టం చెబుతోంది. అంతకుముందే కొన్ని ప్రావిన్సులు వయోజనుల ఉమ్మడి ఆంగ్ల పరీక్ష బాధ్యతను విశ్వవిద్యాలయాలకు వదిలిపెట్టాయి. ఇంతకాలం పైనుంచి వచ్చిన నియమమని చెప్పుకోగలిగిన విషయం ఇప్పుడు మీ స్వంత నిర్ణయం అయింది. కాబట్టి నా విన్నపం మంత్రిత్వ శాఖకు కాక మీకే చేస్తున్నాను. ఆంగ్లం ప్రధాన విషయం కాని వయోజన విద్యార్థికి, మీరు సరిగా బోధించని ఆంగ్లంలో పరీక్ష పెట్టి, ఆ ఒక్క ఫలితం మీద అతని డిగ్రీని ఆపే పద్ధతిని మానుకోండి. ఆంగ్లం అవసరమని నమ్మితే దానిని బోధించండి, బోధించినంతవరకే పరీక్షించండి.

నేను తెలుగు ప్రాంతంలో డిగ్రీ విద్యార్థులకు ఆంగ్లం బోధించే ఉపాధ్యాయుణ్ణి. పగలు పని చేసి ఆదివారాలు తరగతికి వచ్చే పెద్దవారికి సార్వత్రిక విశ్వవిద్యాలయ అధ్యయన కేంద్రంలో పాఠాలు చెప్పినవాణ్ణి కూడా. దూరవిద్యలో మీ దేశం మాకంటే ముందు నడిచింది. మీ కేంద్రీయ రేడియో, టెలివిజన్ విశ్వవిద్యాలయం 1979లో మొదలైతే, మా హైదరాబాద్‌లోని సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో, భారతదేశంలోనే మొదటిదిగా, మొదలైంది. మీరు ఈ పరీక్షను ఎలా మారుస్తారన్నది మా పాఠకులకూ ఆసక్తి కలిగించే విషయం కనుక ఈ లేఖను తెలుగులోనే ప్రచురిస్తున్నాను.

మా పాఠకుల కోసం ముందుగా ఒక సంగతి వివరించాలి. మా దగ్గర బి.ఏ. పాసయ్యారంటే డిగ్రీ వచ్చినట్టే. మీ దేశంలో అవి రెండు వేరువేరు కాగితాలు. పాఠ్యక్రమంలోని సబ్జెక్టులన్నీ పూర్తి చేసినవారికి చదువు పూర్తయిన ధ్రువపత్రం వస్తుంది. దానికి పైన, మరికొన్ని షరతులు నెరవేర్చినవారికి మాత్రమే డిగ్రీ పట్టా వస్తుంది. ముఖ్య సబ్జెక్టుల్లో తగిన మార్కులు, ముగింపు వ్యాసం, వాటితోపాటు విదేశీ భాషా పరీక్ష ఆ షరతులలో ఉంటూ వచ్చాయి. మూడేళ్ల డిప్లొమా తరువాత ఏదో ఒక ఆసుపత్రిలోనో, ప్రాథమిక పాఠశాలలోనో, లెక్కల విభాగంలోనో పనిచేస్తూ మరో రెండున్నరేళ్లు రాత్రులు చదివిన మనిషి, తన వృత్తికి సంబంధించిన ప్రతి సబ్జెక్టూ దాటి, ఆంగ్లం దగ్గర మాత్రం ఆగిపోతే, మొదటి కాగితం చేతికి వస్తుంది, రెండోది రాదు.

రెండో కాగితం లేకపోతే ఏమవుతుందని అడిగేవారికి బీజింగ్ నగర శాశ్వత నివాస హక్కు కోసం వేసే పాయింట్ల పట్టిక చూపిస్తే చాలు. అందులో డిప్లొమా చదువుకు 10.5 పాయింట్లు ఉంటాయి, డిగ్రీ చదువు పూర్తి చేసి డిగ్రీ పట్టా కూడా పొందినవారికి 15 పాయింట్లు ఉంటాయి. ధ్రువపత్రం ఉండి పట్టా లేనివారిని ఆ 15 పాయింట్ల వరుసలోకి రానివ్వరు. సొంత ఊరు వదిలి రాజధానిలో ఏళ్ల తరబడి పనిచేస్తున్న కుటుంబానికి ఆ నివాస హక్కు అంటే పిల్లల బడి, పిల్లలు ఏ ప్రాంతం నుంచి కళాశాల ప్రవేశ పరీక్ష రాయగలరన్న విషయం. ప్రభుత్వోద్యోగాల ప్రకటనల్లో కూడా డిగ్రీ పట్టా తప్పనిసరి అన్న షరతు తరచుగా కనిపిస్తుంది. ఒక పూట ఆంగ్ల పరీక్షకు ఇంత బరువు మోపినప్పుడు, ఆ పరీక్ష నిజంగా దేన్ని కొలుస్తోందని ప్రశ్నించడం న్యాయమే అవుతుంది.

ఈ షరతు చట్టంలోనే ఉందేమోనని మొదట అనుకున్నాను. అక్కడ లేదు. 1980లో ఆమోదించి 1981 నుంచి అమలు చేసిన మీ పాత డిగ్రీల నిబంధనలు బ్యాచిలర్ డిగ్రీకి అడిగినవి రెండే: తన శాఖలోని మూల సిద్ధాంతాలు, ప్రత్యేక పరిజ్ఞానం, ప్రాథమిక నైపుణ్యాలు బాగా పట్టుబడి ఉండడం, పరిశోధనలోనో సాంకేతిక వృత్తిలోనో పని చేయగల ప్రాథమిక సామర్థ్యం ఉండడం. కొత్త చట్టం కూడా దాదాపు ఈ రెండే చెబుతోంది. రెండింటిలోనూ బ్యాచిలర్ డిగ్రీ గ్రహీతకు ఆంగ్లం రావాలన్న మాట లేదు. వయోజన పట్టభద్రులకు డిగ్రీ ఇవ్వడం గురించి 1988లో తాత్కాలిక నిబంధనలు వచ్చాక, నాణ్యతను ఏకరీతిగా ఉంచాలన్న ఆలోచనతో ప్రావిన్సులు తమ తమ భాషా పరీక్షలను పెట్టుకున్నాయి. ఆనాటి ఆందోళన అర్థం చేసుకోదగినదే. రాత్రి కళాశాలలు, ఉత్తరాల ద్వారా చదువు చెప్పే విభాగాలు పుట్టగొడుగుల్లా పెరుగుతున్నప్పుడు, ఒకే ప్రశ్నపత్రంతో, యంత్రంతో దిద్దగలిగే పరీక్ష ఒకటి ఉంటే పాలకులకు ధైర్యంగా ఉంటుంది. ఆంగ్లానికి ఆ పాత్ర దక్కింది. దానికి కారణం డిగ్రీకి ఆంగ్లం అత్యవసరం కావడం కంటే, అన్ని శాఖలవారికీ ఉమ్మడిగా పెట్టడానికి అది సులువుగా దొరకడమేనని నేను భావిస్తున్నాను.

ఇక పరీక్ష స్వరూపం చూద్దాం. బీజింగ్ ప్రాంతంలో ఏళ్ల తరబడి ఏడాదికి రెండుసార్లు జరిగిన ఉమ్మడి పరీక్షనే ఉదాహరణగా తీసుకుంటాను. సమయం 120 నిమిషాలు, మార్కులు 100, గట్టెక్కడానికి 60 రావాలి. గద్యభాగాలు చదివి జవాబులు గుర్తించడానికి 30 మార్కులు, పదజాలానికీ వ్యాకరణానికీ 30. ఒక వాక్యంలో నాలుగు చోట్ల గీతలు గీసి, వాటిలో తప్పు ఎక్కడుందో కనిపెట్టమనే విభాగానికి 10, ఖాళీలున్న పేరాను పూరించడానికి 10, అనువాదానికి 20. మొదటి నాలుగు విభాగాలూ కలిపి 80 మార్కులు. అన్నీ నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలే. అనువాదంలో సగం ఆంగ్లం నుంచి చైనీస్‌లోకి చేయవలసినది. అంటే విద్యార్థి తానుగా ఒక్క ఆంగ్ల వాక్యం కూడా రాయకుండా 90 మార్కుల వరకు అందుకోవచ్చు. వినడం లేదు, మాట్లాడడం లేదు, ఒక చిన్న ఉత్తరం రాయడం కూడా లేదు. మరోవైపు, ఏ ఆంగ్లమూ రానివాడు గుడ్డిగా గుర్తులు పెట్టినా ఆ 80లో సగటున 20 దాకా వస్తాయి. ఆ 20కీ, కావలసిన 60కీ మధ్యనున్న దూరాన్ని దాటించడానికి శిక్షణ కేంద్రాలు వెలిశాయి. వాటిలో నేర్పేది భాష కాదు. ఏ తప్పు ఏ రూపంలో వస్తుంది, తరచుగా అడిగే పదాలేవి, పాత ప్రశ్నపత్రాల్లో తిరిగి తిరిగి కనిపించే నిర్మాణాలేవి అన్నవే.

నేను కూడా ప్రశ్నపత్రాలు తయారుచేసే వృత్తిలోనే ఉన్నాను కనుక బహుళైచ్ఛిక ప్రశ్నలను తప్పుపట్టను. వేలాదిమందిని ఒకే రోజు పరీక్షించాలంటే అవి కావాలి. నేను తప్పుపడుతున్నది ఆ ఫలితానికి మీరు చెబుతున్న అర్థాన్ని. పరీక్షలు రెండు రకాలు. ఒక పాఠ్యక్రమంలో చెప్పినదాన్ని విద్యార్థి ఎంతవరకు నేర్చుకున్నాడో చూసేది ఒకటి. ఎక్కడ, ఎలా నేర్చుకున్నా సరే, అతనికి భాష ఎంత వచ్చో చూసేది రెండోది. దీన్నే ప్రావీణ్య పరీక్ష అంటాం. రెండోది పెట్టేవారు, ఆ స్థాయి ఎందుకు కావాలో ముందు చెప్పాలి. విమానాశ్రయ నియంత్రణ గదిలో పనిచేసేవారికి ఆంగ్ల ప్రావీణ్య పరీక్ష ఎందుకని ఎవరూ అడగరు. ఒక జిల్లా ఆసుపత్రిలో నర్సుకు, ఒక పట్టణంలో లెక్కలు చూసే ఉద్యోగికి, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలికి 60 మార్కుల ఆంగ్ల ప్రావీణ్యం ఏ పనికి కావాలో నాకు తెలిసినంతలో ఏ నియమావళీ వివరించలేదు.

దీనికి నేరుగా సంబంధించిన ఒక అనుభవం మా వైపు కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి చాలామంది విద్యార్థులు మీ దేశంలో వైద్యవిద్య చదువుతున్నారు. వారికి తరగతులు ఆంగ్లంలో జరిగినా, ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్‌కు వెళ్లేముందు చైనీస్ భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కేలో నిర్ణీత స్థాయి చూపమని మీ విశ్వవిద్యాలయాలు అడుగుతాయి. ఆ పరీక్ష కష్టంగా ఉందని మా పిల్లలు గొణుక్కోవచ్చు కానీ, అది అన్యాయమని అనరు. రోగి తన బాధను చెప్పేది చైనీస్‌లోనే కదా. అక్కడ భాష దేనికి కావాలో స్పష్టంగా ఉంది, దానికి తగిన స్థాయి ఉంది, చాలాచోట్ల దానికి ముందు తరగతులూ ఉన్నాయి. విదేశీ విద్యార్థి విషయంలో ఇంత స్పష్టంగా ఆలోచించిన మీరు, మీ దేశపు వయోజన విద్యార్థి విషయంలోనూ అదే స్పష్టత చూపాలని కోరడం అతిగా కాదనుకుంటాను.

వయస్సు సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. మీ దేశంలో మూడో తరగతి నుంచి ఆంగ్లం క్రమంగా ప్రవేశపెట్టడం 2001 శరదృతువులో మొదలైంది. ఇప్పుడు నలభై దాటిన విద్యార్థి ప్రాథమిక పాఠశాల ముగించింది అంతకు ముందే. గ్రామాల్లో చదివినవారిలో అనేకులు ఆంగ్ల అక్షరాలను మొదటిసారి చూసింది మాధ్యమిక పాఠశాలలోనే. ఆ తేడాను మీ వ్యవస్థ ఒకప్పుడు గుర్తించింది కూడా. ఇంటర్నెట్ ద్వారా డిగ్రీ చదువు చెప్పిన విశ్వవిద్యాలయాల కోసం జాతీయ స్థాయిలో జరిపిన ఉమ్మడి పరీక్షల్లో, చేరేనాటికి 40 ఏళ్లు నిండిన, ఆంగ్లం ప్రధాన విషయం కాని విద్యార్థులకు ఆంగ్ల పరీక్ష నుంచి మినహాయింపు ఉండేది. అక్టోబరులో జరిగే వయోజన ప్రవేశ పరీక్షలో 25 ఏళ్లు నిండినవారికి 20 మార్కులు కలిపే సంప్రదాయమూ ఉంది. పైగా డిప్లొమా నుంచి డిగ్రీకి వచ్చేవారు ఆ ప్రవేశ పరీక్షలో 150 మార్కుల విదేశీ భాషా పత్రం ఒకసారి రాసే వస్తారు. లోపలికి వచ్చేటప్పుడు వయస్సును లెక్కలోకి తీసుకుని, బయటికి వెళ్లేటప్పుడు దాన్ని మరిచిపోవడం పొంతన లేని పని.

ఇంతకంటే పెద్ద పొంతన లేమి ఉద్యోగ హోదాల విషయంలో కనిపిస్తుంది. డాక్టర్లు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు పై వృత్తి హోదాకు వెళ్లాలంటే ఒకప్పుడు విదేశీ భాషా పరీక్ష గట్టెక్కవలసి వచ్చేది. 2017 జనవరిలో వెలువడిన హోదాల సంస్కరణ పత్రం ఆ పరీక్షను ఏకరీతిగా అందరినుంచీ అడగనక్కరలేదని ప్రకటించి, నిజంగా అవసరమైన చోట మాత్రమే సంబంధిత సంస్థలు నిర్ణయించుకోవచ్చని చెప్పింది. అంటే ముప్ఫై ఏళ్ల అనుభవమున్న ఇంజనీరు ఆంగ్ల పరీక్ష లేకుండా సీనియర్ హోదా పొందగలడు. అదే కార్యాలయంలో అతని కింద పనిచేస్తూ రాత్రిపూట డిగ్రీ చదివే సాంకేతిక సహాయకుడికి మాత్రం, ఈ షరతు ఉన్నచోట, ఆంగ్లం లేకుండా బ్యాచిలర్ డిగ్రీ రాదు. ఆ 2017 పత్రంలోని తర్కం మీకూ వర్తిస్తుంది.

న్యాయస్థానాలు మీ వైపే ఉన్నాయని మీలో ఎవరైనా అనవచ్చు. నిజమే. ఆంగ్లంలో జాతీయ నాలుగో స్థాయి పరీక్ష దాటలేదని హువాఝోంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం తనకు డిగ్రీ నిరాకరించినప్పుడు ఒక విద్యార్థి వేసిన దావాను వూహాన్ న్యాయస్థానాలు తోసిపుచ్చాయి. 2014లో సుప్రీం పీపుల్స్ కోర్టు ఆ తీర్పును 39వ మార్గదర్శక తీర్పుగా ప్రచురించింది. విద్యా ప్రమాణాలను నిర్ణయించుకునే స్వేచ్ఛ విశ్వవిద్యాలయానికి ఉందని దాని సారాంశం. ఆ విద్యార్థి పగటి కళాశాలలో చదివినవాడు, ఆ పరీక్షకు తగిన తరగతులు అతనికి అందుబాటులో ఉన్నాయి. వయోజన విద్యార్థి పరిస్థితి వేరు. అయినా ఆ తీర్పును నేను వివాదం చేయను. మీకు స్వేచ్ఛ ఉందని మాత్రమే న్యాయస్థానం చెప్పింది. మీ షరతు మంచిదని చెప్పలేదు. ఏ షరతు మంచిదో తేల్చవలసింది మీరే కనుక, ఈ ఉత్తరం న్యాయస్థానానికి కాక మీకు చేరాలి.

నాణ్యత పడిపోతుందన్న భయం గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం. వయోజన డిగ్రీకి సమాజంలో పగటి డిగ్రీకున్న గౌరవం లేదు. ఆ డిగ్రీ వయోజన విద్య ద్వారా వచ్చిందని పట్టా మీదే రాసి ఉంటుంది. ఆంగ్ల పరీక్ష కూడా తీసేస్తే ఆ కాస్త విలువా పోతుందని ఆ డిగ్రీ కష్టపడి తెచ్చుకున్నవారే అనడం సహజం. కానీ విలువ తగ్గడానికి అసలు కారణాలు వేరే చోట ఉన్నాయని మీకు తెలుసు: హాజరు లేని తరగతులు, ముందే చేతికందే ప్రశ్నలు, ఎవరో రాసిపెట్టే ముగింపు వ్యాసాలు, ఫీజు తీసుకుని చేతులు దులుపుకునే బయటి బోధనా కేంద్రాలు. 2022లో మీ విద్యా మంత్రిత్వ శాఖ తెచ్చిన సంస్కరణ ఈ జాడ్యాల మీదే గురిపెట్టింది. 2025 శరదృతువు నుంచి సాయంత్రపు చదువు, ఉత్తరాల చదువు అన్న తేడాలు తీసేసి, అన్నింటినీ ఉద్యోగం మానకుండా చదివే ఒకే రూపంలోకి తెచ్చింది. అకౌంటింగ్ విద్యార్థికి అకౌంటింగ్ వచ్చో రాదో నిక్కచ్చిగా తేల్చలేని విశ్వవిద్యాలయం, అతని ఆంగ్ల వ్యాకరణాన్ని జల్లెడపట్టి నాణ్యతను కాపాడానని చెప్పుకోవడం సమంజసం కాదు.

మంచి నమూనా కోసం మీరు దూరం వెళ్లనక్కరలేదు. 1981లో మొదలైన మీ స్వయం అధ్యయన పరీక్షల వ్యవస్థలో ఆంగ్లం ఒక సబ్జెక్టుగా ఉంది. దానికి నిర్ణీత పాఠ్యపుస్తకం, పాఠ్యప్రణాళిక, క్రెడిట్లు ఉన్నాయి. ఈ ఏడాది తప్పినవారు మళ్లీ రాసుకోవచ్చు. 1999లో మొదలైన ప్రజా ఆంగ్ల పరీక్షల వ్యవస్థలో మూడో స్థాయి రాతపరీక్ష దాటినవారికి చాలా ప్రావిన్సుల్లో ఆ సబ్జెక్టు నుంచి మినహాయింపు ఇచ్చారు. ఆంగ్లం వద్దనుకునేవారు కొన్ని శాఖల్లో దాని బదులు వేరే సబ్జెక్టులు తీసుకునే వీలూ ఉండేది. ఆ పద్ధతిలోనూ లోపాలున్నాయి. అలా బదులు తీసుకున్నవారికి చాలా విశ్వవిద్యాలయాలు డిగ్రీ పట్టా ఇవ్వకపోవడం వాటిలో పెద్దది. అయినా ఏం చదవాలో, ఏ పుస్తకంలోంచి ప్రశ్నలు వస్తాయో విద్యార్థికి ముందే తెలుసు. మా తెలుగు రాష్ట్రాల్లో కూడా ఆంగ్లం తప్పితే డిగ్రీ పూర్తికాదు. ఆ విషయంలో మేము మీకంటే ఉదారులమని చెప్పుకోలేను. కానీ మా విద్యార్థి చేతిలో పాఠ్యపుస్తకం ఉంటుంది, తరగతి ఉంటుంది, తప్పితే మళ్లీ రాయడానికి అవకాశం ఉంటుంది. ప్రశ్న అతను చదివిన పాఠంలోంచే వస్తుంది.

కాబట్టి ఆంగ్లం కావాలనుకునే విశ్వవిద్యాలయాలు దాన్ని క్రెడిట్లున్న కోర్సుగా మార్చి, పని ముగించుకుని వచ్చే మనిషి చదవగలిగిన పాఠాలు పెట్టాలని నా కోరిక. నర్సుకు మందుల పెట్టెమీది సూచనలు, పరికరాల వాడుక పుస్తకం. అకౌంటెంటుకు ఇన్వాయిస్, బ్యాంకు ఉత్తరం. కర్మాగార సాంకేతిక నిపుణుడికి యంత్రం తయారీదారు ఇచ్చిన వివరాలు. ఇందుకు కావలసిన సాధనం కూడా మీ దగ్గరే ఉంది. 2018లో విడుదలైన చైనా ఆంగ్ల సామర్థ్య ప్రమాణాలు తొమ్మిది స్థాయిల్లో, మనిషి ఆ భాషతో ఏమేం చేయగలడో వర్ణిస్తాయి. వాటిలోంచి ఈ శాఖకు చదవడంలో ఈ స్థాయి, ఆ శాఖకు మాట్లాడడంలో ఆ స్థాయి అని ఎంచుకోవచ్చు. అన్ని శాఖలకూ అన్ని నైపుణ్యాలూ అక్కరలేదు. విదేశీ వ్యాపారం చదివేవారికి మాట్లాడే పరీక్ష పెట్టండి, నేనే సమర్థిస్తాను. ఆ కోర్సు మార్కులు మిగతా సబ్జెక్టుల మార్కులతో కలవాలి తప్ప, విడిగా నిలబడి మొత్తాన్ని ఆపకూడదు. జపనీస్, రష్యన్ వంటి భాషలు నేర్చినవారికి సమానమైన దారి ఉండాలి. వేరే ప్రావిన్సులో, వేరే విశ్వవిద్యాలయంలో ఇదివరకు గట్టెక్కిన ఫలితాన్ని గుర్తించాలి. పని కోసం ఊళ్లు మారే మనుషులను ఊరు మారిన ప్రతిసారీ అదే పరీక్ష రాయించకూడదు.

ఒక హెచ్చరిక కూడా చేయక తప్పదు. ఉమ్మడి పరీక్ష పోయి ప్రతి విశ్వవిద్యాలయం సొంత ప్రశ్నపత్రం పెట్టుకున్నప్పుడు, ప్రశ్నలు తయారుచేసేదీ, శిక్షణకు ఫీజు తీసుకునేదీ, ఫలితం ప్రకటించేదీ ఒకే ప్రాంగణం అవుతుంది. పాత పరీక్ష ఎంత నిస్సారమైనదైనా, కనీసం ఆ మూడూ వేరువేరు చేతుల్లో ఉండేవి. మీ కోర్సు పరీక్షను దిద్దడానికి బయటివారిని పిలవండి, పాత ప్రశ్నపత్రాలను అందరికీ కనిపించేలా పెట్టండి. కోర్సు పేరుతో అదే పాత పత్రాన్ని కొత్త అట్ట వేసి పెట్టడం కంటే, ఆంగ్లాన్ని పూర్తిగా వదిలేయడమే నిజాయితీ.

నియమాలను ఎప్పుడు ప్రకటిస్తారన్నది కూడా ముఖ్యమే. అక్టోబరు ప్రవేశ పరీక్షకు దరఖాస్తు చేసేముందే, డిగ్రీకి ఏమేం కావాలో ప్రతి శాఖవారికీ రాతపూర్వకంగా తెలియాలి. చేరిననాటి నియమమే ఆ తరగతికి చివరిదాకా వర్తించాలి. మధ్యలో కఠినమైన నియమం వస్తే అది తరువాత చేరేవారికి వర్తించాలి, సులువైన నియమం వస్తే అప్పటికే చదువుతున్నవారికీ వర్తించాలి.

చివరిగా, ఇప్పటికే చదువు ముగించి, ధ్రువపత్రం తీసుకుని, ఆంగ్లం ఒక్కటే లేక డిగ్రీకి దరఖాస్తు చేయలేక గడువు దాటిపోయినవారి గురించి. వారి సబ్జెక్టుల మార్కులు, ముగింపు వ్యాసాలు మీ రికార్డుల్లోనే ఉన్నాయి. కొత్త ప్రమాణాన్ని నిర్ణయించే సమావేశంలోనే వారికి మళ్లీ దరఖాస్తు చేసుకునే గడువును కూడా ఒక అంశంగా చేర్చి, వారు కొత్త కోర్సు పూర్తి చేసినా, ఇదివరకటి ఏ గుర్తింపు పొందిన పరీక్ష ఫలితం చూపినా పట్టా ఇచ్చేలా తీర్మానం చేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక తెలుగు ఆంగ్లోపాధ్యాయుడు